కీళ్ళవాతం ఉన్నవారు కట్టె బొమ్మరిల్లు కట్టుకునే విధానం

రుమటాయిడ్ కీళ్ళవాతం ఉన్నవారు బొమ్మరిల్లు పని మొదలుపెట్టే ముందు ఒక్క విషయం తేల్చుకోవాలి: ఈ పనిలోని ప్రతి మెట్టునూ ఏ క్షణంలోనైనా మధ్యలో వదిలి లేవగలగాలి. వదిలిన చోట చెక్క పాడు కాకూడదు, గిన్నెలో జిగురు వృథా కాకూడదు, పది రోజుల తరువాత వచ్చి కూర్చున్నా ఎక్కడ ఆపామో చూడగానే తెలియాలి. చేతులు బాగున్నవారు చెప్పే వడ్రంగం పాఠాలలో ఈ ఆలోచన కనిపించదు; శనివారం కోత, ఆదివారం బిగింపు అన్నట్లుగా వారి లెక్క సాగుతుంది. మన శరీరం ఆ లెక్కకు లొంగదు కనుక పనినే శరీరానికి తగినట్లు ముక్కలు చేసుకోవాలి.

నాకు ఈ జబ్బు తొమ్మిదేళ్ళుగా ఉంది. హనుమకొండలోని మా ఇంటి వెనుక వసారాలో మనుమరాలి కోసం కట్టిన బొమ్మరింటికి పదకొండు నెలలు పట్టింది. పని తెలిసిన వడ్లాయన దాన్ని వారం రోజుల్లో నిలబెట్టి ఇచ్చేవాడు. ఆ పదకొండు నెలల తప్పులనూ సర్దుబాట్లనూ కలిపి ఈ పద్ధతి రాస్తున్నాను. లూపస్ (శరీర రక్షణ వ్యవస్థే శరీరాన్ని దెబ్బతీసే జబ్బు), ఆస్తమా, పాత మధుమేహం వంటి జబ్బులు ఉన్నవారికి కూడా ఇందులో చాలా భాగం పనికివస్తుంది. వారు వేరుగా జాగ్రత్త పడవలసిన చోట ఆ మాట చెబుతాను.

ఏ ఇల్లు, ఎంత ఇల్లు

బొమ్మరిళ్ళు కట్టేవారు ఎక్కువగా వాడే కొలత ఒక అడుగుకు ఒక అంగుళం, అంటే అసలు ఇంటిలో పన్నెండో వంతు. స్థలం తక్కువ ఉన్నవారు అడుగుకు అర అంగుళం చొప్పున ఇరవై నాలుగో వంతు ఇల్లు కడతారు. చిన్నది తేలికగా ఉంటుంది కదా, మన చేతులకు అదే నయమని మొదట నేనూ అనుకున్నాను. అది పొరపాటు. ఇల్లు చిన్నదయ్యేకొద్దీ ప్రతి ముక్కనూ బొటనవేలి కొసతో, చూపుడువేలి కొసతో నొక్కి పట్టుకోవలసి వస్తుంది, వాతం పట్టిన వేలి కణుపులకు అంతకంటే కష్టమైన పట్టు లేదు. ముక్క పెద్దదైతే అరచేతుల మధ్య, అవసరమైతే ముంజేతుల మీద పెట్టుకొని కదిలించవచ్చు. చిన్న కీళ్ళ పనిని పెద్ద కీళ్ళకు అప్పగించమని ఫిజియోథెరపిస్టులు చెప్పే సూత్రం కూడా ఇదే. అందుచేత పన్నెండో వంతు కొలతనే తీసుకోండి, బరువును మాత్రం పలుచని చెక్కతో తగ్గించండి.

ఇంటి నమూనాగా మన పల్లెల్లో ఇంకా అక్కడక్కడా మిగిలి ఉన్న గూన పెంకుల ఇల్లు ఎంచుకోవడం మేలు. నడుమ ఒక పెద్ద గది, అటొకటి ఇటొకటి అర్రలు, ముందు సాయబాన్, అంటే స్తంభాల మీద కప్పు దిగే వసారా, అంతే. మేడ లేదు కనుక మెట్లు చెక్కే పని లేదు. బొమ్మరింటిలో మెట్ల వరుస అంత సన్నని పని మరొకటి ఉండదు. పైగా పెంకుల కప్పు ఎప్పుడూ కొంచెం ఎగుడుదిగుడుగానే ఉంటుంది కాబట్టి మణికట్టు వణికిన చోట వచ్చిన వంకర ఆ కప్పు కింద కలిసిపోతుంది.

కొలతలు

కింద ఇచ్చిన కొలతలన్నీ అంగుళాలలో ఉన్నాయి. గోడలకూ కప్పుకూ 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్, అడుగు పలకకు 9 మిల్లీమీటర్ల ప్లైవుడ్ తీసుకోవాలి.

అడుగు పలక: 26 × 18, ఒకటి.
ముందు గోడ: 24 × 8¾, ఒకటి.
అడ్డగోడలు: 12 × 13, నాలుగు. వీటిలో రెండు చివరి గోడలు, రెండు గదుల మధ్య గోడలు.
ముందు కప్పు: 26 × 14¼, ఒకటి.
వెనుక కప్పు: 26 × 8¼, ఒకటి.
అర అంగుళం చదరపు బద్ద: నాలుగు అడుగుల పొడవు, ఒకటి. దీనిలో సాయబాన్ దూలానికి 24 అంగుళాలు, నాలుగు స్తంభాలకు ఒక్కొక్కటి 5¼ అంగుళాలు పోతాయి.

అడ్డగోడ నిలువు 13 అంగుళాలు అయినా కప్పు వాలడానికి రెండు పై మూలలను కోసివేయాలి: పై అంచు నడిమి బిందువు నుండి, రెండు పక్కలా కింది నుండి 9 అంగుళాల ఎత్తున పెట్టిన గుర్తు దాకా గీత గీస్తే కోత దారి వస్తుంది. ముందు గోడ 9 అంగుళాలు కాకుండా 8¾ ఎందుకని అడగవచ్చు. ఆ గోడ అడ్డగోడల అంచుల ముందు అతుక్కుంటుంది, అప్పటికే కప్పు వాలు మొదలై ఉంటుంది. పావు అంగుళం తగ్గించకపోతే గోడ పై అంచు కప్పుకు తగిలి, దాన్ని వాలుగా అరగదీయవలసి వస్తుంది. అది మణికట్టుకు ఒక పూట శిక్ష. నేను ఆ శిక్ష అనుభవించాను.

ముందు గోడ నడుమ 3 × 6½ దర్వాజ, ఇరువైపులా కింది నుండి 3 అంగుళాల ఎత్తున 2½ × 3 కిటికీలు ఉంటాయి. మధ్య గోడలలోని దారులు 2½ × 6½ చాలు. దర్వాజనూ దారులనూ గోడ కింది అంచు నుండే మొదలయ్యేలా కోయించండి. నడుమ రంధ్రం పెట్టి రంపం దించే పని కిటికీలకు మాత్రమే మిగులుతుంది. ఇంటి వెనుక గోడ ఉండదు. పిల్లలు ఆడుకునేది అటునుండే.

ఈ ఇల్లంతా పూర్తయ్యాక సుమారు ఐదు కిలోలు తూగుతుంది. అయితే విడి ముక్కలలో అడుగు పలక ఒక్కటే ఒకటిన్నర కిలో దాటుతుంది, మిగిలినవి ఏవీ కిలోకు మించవు.

కోత మీరు చేయకండి

ఈ ఒక్క సలహా పాటించినా సగం పని గట్టెక్కినట్లే. వరంగల్, కరీంనగర్, మంచిర్యాల వంటి పట్టణాలలో ప్లైవుడ్ అమ్మే దుకాణాలలోనో, వాటి పక్కనే ఉండే కోత మిషన్ల దగ్గరో కొలత ఇస్తే కోసి ఇస్తారు. 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు గల పూర్తి షీటు సుమారు పది కిలోలు ఉంటుంది. మనకు నాలుగు అడుగుల చదరం, అంటే సగం షీటు, మిగిలిపోయేంతగా సరిపోతుంది. అడుగు పలకను దుకాణంలో మూలన పడి ఉండే తునకల గుట్ట నుండి అడగండి. నేరుగా ఉన్న కోతలు మిషన్ మీద అయిపోతాయి. కిటికీలు, దారులు తెలిసిన వడ్లాయన చేత కోయించి, కూలి ఇవ్వండి. చేత్తో పట్టుకునే కరెంటు రంపం అదురు మణికట్టు లోపలి దాకా పోతుంది, ఆ అదురు మరుసటి రోజు వాపుగా బయటపడుతుంది. ఇంకొకరితో కోయించుకుంటే ఇల్లు మీరు కట్టినట్లు కాదని ఎవరైనా అంటే, పట్టించుకోనవసరం లేదు. ఇల్లు కట్టే మేస్త్రీ ఇటుకలు తాను కాల్చుకోడు.

ప్లైవుడ్‌కు బదులు ఎండీఎఫ్ (కట్టె పీచును జిగురుతో కలిపి నొక్కి చేసే పలక) తీసుకోమని దుకాణంవారు చెప్పవచ్చు. దాని అంచులు పీచు లేకుండా నున్నగా వస్తాయన్నది నిజమే. కానీ అది బరువు ఎక్కువ, మన వానాకాలపు తేమకు అంచులు ఉబ్బుతాయి, దాని పొడి మరీ సన్నగా గాలిలో తేలుతుంది, దానిలోని బంధక పదార్థంలో సాధారణంగా ఫార్మాల్డిహైడ్ అనే ఘాటు రసాయనం ఉంటుంది. మన జబ్బు కీళ్ళతో ఆగదు, కొందరిలో ఊపిరితిత్తులనూ పట్టుకుంటుంది. మనలో చాలామంది ఈ జబ్బుకు వాడే మెథోట్రెక్సేట్ అనే మందు కూడా అరుదుగా ఊపిరితిత్తులకు ఇబ్బంది కలిగిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే కట్టె పొట్టును మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో పెట్టింది. అది ఏళ్ళ తరబడి పొట్టులో పనిచేసేవారిని చూసి ఇచ్చిన తీర్పు, ఒక బొమ్మరిల్లుతో భయపడవలసిన పని లేదు. అయినా అరగదీసే ప్రతిసారీ ఎన్95 మాస్కు పెట్టుకోవడం, ఆరుబయట కూర్చోవడం, పొట్టును చీపురుతో లేపకుండా తడిగుడ్డతో తుడవడం అలవాటు చేసుకోండి. ఆస్తమా ఉన్నవారు అరగదీసే పని కూడా ఇతరులకే వదిలివేయడం మంచిది.

రోజు లెక్క

ఈ జబ్బులో ఉదయపు బిగుతు సాధారణంగా గంటకు పైగా ఉంటుంది. పని వేళ దాని తరువాతే మొదలు కావాలి. చలికాలంలో నేను పదిన్నరకు ముందు చెక్క ముట్టలేదు. మే నెలలో పదిన్నరకే మన వసారా పొయ్యిలా ఉంటుంది కాబట్టి ఆ రోజుల్లో సాయంత్రం ఐదు తరువాత కూర్చున్నాను. మెథోట్రెక్సేట్ వారానికి ఒకసారి వేసుకునే మందు. వేసుకున్న మరుసటి రోజు చాలామందికి వికారం, నీరసం ఉంటాయి. క్యాలెండరులో ఆ రోజును ముందే కొట్టివేయండి. నొప్పి తగ్గడానికి నిద్ర తెప్పించే మాత్ర వేసుకున్న రోజు కత్తి, ఉలి వంటివి ముట్టవద్దు.

పని ఎంతసేపు అన్నది అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. ఫోనులో ఇరవై నిమిషాలకు గంట పెట్టుకోండి. అది మోగగానే, చేతులు ఎంత బాగున్నా, లేవండి. చేతులు బాగున్న రోజే మనకు ప్రమాదకరమైన రోజు. దసరాకు ఇల్లు ఇస్తానని మనుమరాలికి మాట ఇచ్చిన నేను, ఒక మంచి రోజున ఇంత హాయిగా మళ్ళీ ఎప్పుడు ఉంటుందో అనుకొని నాలుగు అడ్డగోడలనూ ఒకే కూర్చుంటలో అరగదీశాను. రెండు గంటలు పట్టింది. ఆ రాత్రికే రెండు మణికట్లూ వాచాయి, రెండు వారాలు జడ వేసుకోవడానికి కూడా చేయి లేవలేదు. ఆ దసరా పోయి మరో పండుగ వచ్చేదాకా ఇల్లు పూర్తి కాలేదు. పిల్లలకు గడువు చెప్పకండి. చెక్కలు చూపించండి, చాలు.

పనులను వరుసలో రాసుకోవడం కంటే రెండు అట్టపెట్టెలుగా విడదీయడం ఉపయోగకరం. మొదటి పెట్టెలో మంచి రోజు పనులు: అతికించడం, కొలవడం, అరగదీయడం. రెండో పెట్టెలో మామూలు రోజు పనులు: రంగు వేయడం, పెంకుల అట్ట ఒలవడం, ముద్ద పిసకడం. నిజంగా చెడ్డ రోజున ఏ పెట్టే తెరవవద్దు. లేచే ముందు ఒక చీటీ మీద, తరువాత చేయవలసిన పని ఏమిటో ఒక్క వాక్యం రాసి పని మీదనే పెట్టండి. 'ఎడమ మధ్యగోడ అతికించాలి, ఉప్పు ప్యాకెట్లు బల్ల కింద' అని రాసి పెట్టుకున్న చీటీ మూడు వారాల తరువాత నన్ను ఎంతో వెతుకులాట నుండి కాపాడింది.

చేతికి తగిన పనిముట్లు

కొత్త పనిముట్లు కొనే అవసరం తక్కువ, ఉన్నవాటి పిడులు లావు చేయడమే అసలు పని. పాత సైకిల్ ట్యూబును నిలువుగా చీల్చి, ఆ పట్టీని కుంచె పిడికీ ఆకురాయి పిడికీ చుట్టండి. పిడి లావు అయ్యేకొద్దీ వేళ్ళు తక్కువ ముడుచుకుంటాయి, రబ్బరు కనుక జారదు. ట్యూబు చీల్చే పని సైకిల్ దుకాణంలోనే చేయించుకోవచ్చు.

గరుకు కాగితాన్ని చేత్తో పట్టి చెక్క మీద రుద్దకండి. ఒక పలక మీద కాగితాన్ని అతికించి, పలక కింద తడిగుడ్డ వేసి కదలకుండా చేసి, చెక్క ముక్కనే రెండు అరచేతులతో దాని మీద తోయండి. వేళ్ళు చాచి ఉంటాయి, కదలిక భుజం నుండి వస్తుంది. మొదట 120 నంబరు, తరువాత 220 నంబరు కాగితం చాలు, ప్లైవుడ్ పై పొర పలుచన కనుక ఎక్కువ రుద్దితే లోపలి పొర బయటపడుతుంది.

ఫెవికాల్ సీసాను పిండడం కష్టం. ఒక చిన్న మూత గిన్నెలో పోయించి పెట్టుకొని లావు పిడి కుంచెతో పూయండి. మూత గట్టిగా ఉంటే మూతపడే గిన్నె వద్దు, తడిగుడ్డ కప్పితే సాయంత్రం దాకా ఆరదు. మరమేకులతో బిగించే క్లాంపులు మనకు పనికిరావు. వాటికి బదులు కిలో ఉప్పు ప్యాకెట్లు ఆరు తెచ్చుకోండి. ఉప్పు ప్యాకెట్ ఏ వంపుకైనా ఒదుగుతుంది, రెండు అరచేతులతో ఎత్తవచ్చు, పని అయ్యాక వంటింటికి పోతుంది. అట్ట అతికించే వేడి జిగురు తుపాకీని మాత్రం, మధుమేహం వల్ల వేళ్ళకు స్పర్శ తగ్గినవారు ముట్టకూడదు. కాలినట్లు తెలిసేసరికి ఆలస్యమవుతుంది.

మరొక జాగ్రత్త. రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడుతున్నవారికి చిన్న గీత కూడా త్వరగా చీము పట్టవచ్చు, చాలాకాలం స్టెరాయిడ్లు వాడినవారి చర్మం పలుచబడి ఉంటుంది. ప్లైవుడ్ పీచు గుచ్చుకుంటే వెంటనే సబ్బుతో కడిగి, ఎర్రబడితే వైద్యులకు చూపించండి. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేసుకున్నారో కూడా ఈ పనికి ముందే అడిగి తెలుసుకోండి. వైద్యులు మణికట్టు పట్టీ ఇచ్చి ఉంటే అది పెట్టుకొనే పనిచేయండి.

రంగు ముందు, బిగింపు తరువాత

ఇల్లు నిలబెట్టిన తరువాత ఏడున్నర అంగుళాల గదిలోకి చేయి దూర్చి మూలలకు రంగు వేయాలంటే మణికట్టును మెలితిప్పాలి. కాబట్టి ముక్కలు బల్ల మీద పరచి ఉండగానే లోపలి రంగులన్నీ వేసివేయండి. గోడలకు తెలుపు, కింద ఒక అంగుళం మేర జాజు రంగు పట్టీ వేస్తే మన ఇంటి కళ వస్తుంది. నీటితో కలిపే ఆక్రిలిక్ రంగులు వాడండి. వాసన ఉండదు, కుంచె నీటిలో కడగవచ్చు. ఇంట్లో మిగిలిన పాత ఎనామెల్ డబ్బాలను తీయకండి. ఇళ్ళకు వాడే రంగులలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాలలో 90 భాగాలు) మించకూడదనే నిబంధన మన దేశంలో 2017 నుండి అమలులో ఉంది, అంతకు ముందటి డబ్బాలో ఎంత ఉందో చెప్పలేము. పిల్లలు బొమ్మరింటిని నోటికి దూరంగా ఉంచరు.

గోడకు గోడ అతుక్కునే చోట రంగు పడకూడదు, రంగు మీద జిగురు గట్టిగా పట్టదు. అక్కడ ముందే పావు అంగుళం వెడల్పు కాగితపు టేపు అంటించి, రంగు ఆరాక లాగివేయండి. నేలకు షాబాదు బండలు కావాలంటే బూడిద రంగు అట్టను రెండు అంగుళాల చదరాలుగా కోసి అంటించడమే. అసలు ఇంటిలో అది రెండు అడుగుల బండ.

నిలబెట్టడం

బల్లను గోడకు ఆనించండి. బొమ్మరింటి ముందు గోడను, బయటి వైపు కిందికి ఉండేలా బల్ల మీద పడుకోబెట్టి, దాని కింది అంచును అసలు గోడకు తాకించండి. ఇప్పుడు ఒక చివరి అడ్డగోడ ముందు అంచుకు జిగురు పూసి, దాన్ని ముందు గోడ మీద నిటారుగా నిలబెట్టి, దాని కింది అంచును కూడా అసలు గోడకు తాకించండి. రెండు కింది అంచులూ ఒకే గోడకు ఆనినందువల్ల సమానంగా ఉన్నాయా లేదా అని పట్టి చూసుకునే అవసరం ఉండదు. చెక్క బరువే దాన్ని కిందికి నొక్కి ఉంచుతుంది. అటూ ఇటూ రెండేసి ఉప్పు ప్యాకెట్లు ఆనించి, మూల సరిగ్గా ఉందో లేదో ఒక నేల టైలు మూలతో సరిచూడండి. మూలమట్టం ఉంటే అదే వాడవచ్చు, కానీ టైలు బరువుగా ఉండి తనంతట తాను నిలబడుతుంది.

ఇక లేవండి. ఆ రోజుకు పని అయిపోయింది. తెల్ల జిగురు అరగంటలో పట్టుకుంటుంది, పూర్తి బలం రావడానికి 24 గంటలు పడుతుంది. రోజుకు ఒక్క అడ్డగోడ చొప్పున నాలుగు గోడలకు నాలుగు రోజులు, మధ్యలో జబ్బు అడ్డుపడితే నాలుగు వారాలు. జిగురుకు ఆ తేడా తెలియదు.

నాలుగూ నిలిచిన తరువాత ఆ గోడల గూడును ముంజేతుల మీద ఎత్తి, అడుగు పలక మీద వెనుక అంచు సమానంగా, పక్కల అంగుళం చొప్పున వదిలి పెట్టాలి. ఇది రెండు కిలోలకు లోపే ఉంటుంది, అయినా ఇంట్లో ఎవరినైనా రెండో పక్క పట్టుకోమనండి. ముందు జిగురు లేకుండా ఒకసారి పెట్టి చూసి, పెన్సిలుతో గుర్తులు గీసుకొని, తరువాతే జిగురు పూయండి. లోపలి మూలల వెంట సన్నని బద్ద ముక్కలు అతికిస్తే పట్టు గట్టిపడుతుంది.

సాయబాన్ దూలాన్నీ నాలుగు స్తంభాలనూ విడివిడిగా నిలబెట్టే ప్రయత్నం చేయకండి. బల్ల మీద పడుకోబెట్టి ఒక చట్రంగా అతికించి, ఆరాక నిలబెట్టండి. అడ్డగోడల ముందు అంచు నుండి స్తంభాల నడిమికి నాలుగున్నర అంగుళాలు ఉండాలి. అక్కడ కప్పు ఎత్తు ఆరు అంగుళాలు, చూరు దగ్గర ఇంకా తక్కువ. దూలం కింద ఐదుంపావు అంగుళాలే మిగులుతుంది, అసలు ఇంటిలో అది ఐదుంపావు అడుగులు. పాత ఇళ్ళలోకి తల వంచి పోయినవారికి ఈ కొలత కొత్తగా అనిపించదు.

కప్పు, పెంకులు

ముందు కప్పును అడ్డగోడల వాలు మీదా దూలం మీదా జిగురు పూసి అతికించాలి. వాలు మీద ఉప్పు ప్యాకెట్ జారుతుంది కాబట్టి రెండు ప్యాకెట్లను ఒక పాత తువ్వాలు రెండు కొసలకు కట్టి, ఎద్దు మీద కంట్లం వేసినట్లు కప్పు నడికొప్పు (రెండు వాలులూ కలిసే పై అంచు) మీదుగా ఒకటి ఇటు, ఒకటి అటు వేలాడదీయండి. అప్పటికి వెనుక కప్పును జిగురు లేకుండా ఊరికే పెట్టి ఉంచండి, నడుమ ఒక ప్లాస్టిక్ కవరు వేస్తే అంటుకోదు.

వెనుక కప్పు ఎప్పుడూ తెరుచుకునేదిగా ఉండాలి. దానికి ఇనుప బందులు వద్దు, ఆ చిన్న మరమేకులు తిప్పడం మన పని కాదు. నూలు చీర అంచు నుండి రెండు అంగుళాల పట్టీ తీసి, నడికొప్పు వెంట సగం ముందు కప్పు మీద, సగం వెనుక కప్పు మీద అతికించండి. నూలు బట్ట జిగురును పీల్చుకొని గట్టి బందుగా మారుతుంది, కానీ మడత దగ్గర మాత్రం జిగురు పూయకూడదు.

పెంకులకు ఇంటికి వచ్చే సామాను అట్టపెట్టెలు చాలు. వాటి రెండు పొరల నడుమ గాడులు గాడులుగా ఉండే అట్ట ఉంటుంది; పై పొరను తడిపి ఒలిచివేస్తే అచ్చం గూన పెంకుల వరుస బయటపడుతుంది. నేను ఉదయం చేతులు కాపుకునే గోరువెచ్చని నీటి టబ్బులోనే అట్టలను తడిపేదాన్ని. చేతుల బిగుతు, అట్ట జిగురు కలిసే వదిలేవి. గాడులు అడ్డంగా కాక వాలు వెంట దిగేలా చూసుకొని, అట్టను ఒకటిన్నర అంగుళం వెడల్పు, 26 అంగుళాల పొడవు పట్టీలుగా కోయించండి. జిరాక్సు దుకాణాలలో కాగితాలు కోసే పెద్ద కత్తి మీద అయితే ఇరవై పట్టీలు ఐదు నిమిషాల పని. ఎండిన పట్టీలను చూరు నుండి మొదలుపెట్టి పైకి, ఒకదాని మీద ఒకటి అర అంగుళం ఎక్కేలా అతికించండి. ముందు వైపు పద్నాలుగు, వెనుక ఎనిమిది వరుసల దాకా వస్తాయి. ఒక్క పట్టీ అతికించి లేచినా ఆ రోజు పని సంపూర్ణమే. నడికొప్పు మీది పెంకుల వరుసను ముందు కప్పుకు మాత్రమే అంటించాలి, లేకపోతే వెనుక కప్పు తెరుచుకోదు. రంగుకు ఇటుక ఎరుపు ఒక పూత, ఆరాక అక్కడక్కడా పలుచని నలుపు. నాలుగు వానాకాలాలు చూసిన పెంకులా తయారవుతుంది.

చింతగింజల ముద్ద

ఇంత జాగ్రత్తగా చేసినా గోడల మధ్య సందులు మిగులుతాయి. వాటిని నింపడానికి బజారులో దొరికే లప్పం వాడవచ్చు. నాకు మాత్రం మన ఉత్తర తెలంగాణ బొమ్మల కళాకారుల పద్ధతే నచ్చింది. నిర్మల్‌లో తేలికైన పొనికి కర్రతో బొమ్మలు చేసే నకాషీ కళాకారులు, ముక్కలను అతకడానికీ సందులు పూడ్చడానికీ చింతగింజల జిగురులో కట్టె పొట్టు కలిపిన ముద్ద వాడతారు. చేర్యాలలో మాస్కులు, బొమ్మలు చేసేవారి ముద్ద కూడా ఆ రెండింటితోనే తయారవుతుంది. చింతగింజల పొడిని చల్లని నీటిలో ఉండలు లేకుండా కలిపి, సన్నని మంట మీద కలియబెడుతూ, జావ కాస్తా జిగటగా మారేదాకా ఉడికించండి. దించి కొంచెం చల్లారాక, కోత మిషన్ దగ్గర తెచ్చి జల్లెడ పట్టిన పొట్టును కొద్దికొద్దిగా కలిపి, చపాతీ పిండిలా మెత్తగా పిసకండి. పొట్టు కలిపేటప్పుడు మాస్కు మరచిపోకండి. ఈ ముద్ద రెండు మూడు రోజుల్లో పులిసి పాడవుతుంది కనుక ఒక పూటకు సరిపడేంతే చేసుకోవాలి.

మామూలు రోజు పెట్టెలో ఇంతకంటే మంచి పని లేదు. గోరువెచ్చగా ఉన్న ముద్దను అరచేతుల మధ్య దొర్లించడం వేళ్ళకు వ్యాయామంలా కూడా ఉంటుంది. సందులు పూడ్చగా మిగిలినదానితో కుండలు, గురుగులు, రోలు, పొయ్యి చేసి నీడలో ఆరనిస్తే వంటిల్లు నిండిపోతుంది. మూడేళ్ళ లోపు పిల్లలు ఉన్న ఇంట్లో మాత్రం ఇటువంటి చిన్న వస్తువులు చేయకండి, గొంతులో అడ్డుపడతాయి. మంచానికి నవారు అల్లడం, ఊయల గొలుసు కూర్చడం సన్నని వేళ్ళ పని. దాన్ని ఇల్లు అందుకోబోయే పిల్లలకే అప్పగించండి. మా మనుమరాలు అల్లిన మంచం ఒక పక్కకు కుంగి ఉంటుంది, దాని మీద ముసలమ్మ బొమ్మను పడుకోబెట్టింది.

జబ్బు తిరగబెట్టినప్పుడు

కీళ్ళు వాచి, ఒళ్ళు వెచ్చబడి, మంచం దిగలేని వారం ఎప్పుడో ఒకసారి వస్తుంది. ఆ సమయానికి పని దుమ్ము పట్టకుండా, చెక్క వంగకుండా ఉంటే చాలు. అతకని పలకలను గోడకు వాలుగా నిలబెడితే వానాకాలపు తేమకు వంగుతాయి. మంచం కింద చదునుగా పడుకోబెట్టి పైన రెండు ఉప్పు ప్యాకెట్లు పెట్టమని ఇంట్లోవారికి ముందే చెప్పి ఉంచండి. జిగురు గిన్నె కడగడం, కుంచెలు నీటిలో వేయడం కూడా వారికి తెలిసి ఉండాలి. వాపు తగ్గిన మొదటి రోజున బిగింపు పనికి పోకుండా రెండో పెట్టెతో, అదీ పది నిమిషాలతో మొదలుపెట్టండి.

పూర్తయిన ఇంటిని నేల మీద పెట్టకండి, వంగి లేవడం మనకు కష్టం. నులక మంచం ఎత్తున్న బల్ల మీద, అడుగు పలక కింద ఒక మందపాటి దుప్పటి వేసి పెడితే, ఇంటిని ఎత్తకుండానే అరచేత్తో తోసి ఏ పక్కకైనా తిప్పవచ్చు. వాన జల్లు కొట్టే కిటికీ పక్కన వద్దు. ముసురు పట్టిన రోజుల్లో వారానికి ఒకసారి వెనుక కప్పు ఎత్తి, పూటంతా ఫ్యాను గాలి తగలనివ్వండి.